కుక్క తగిలింది, బండి ఆపాను

తెల్లవారుజాము నాలుగు దాటింది. నానక్‌రామ్‌గూడలో షిఫ్టు ముగించుకున్న ముగ్గుర్ని ఎక్కించుకుని మియాపూర్ వైపు వెళ్తున్నాను. మెయిన్ రోడ్డు వదిలి కాలనీలోకి తిరిగాక, పక్కన ఆపి ఉన్న రెండు కార్ల సందులోంచి గోధుమరంగు కుక్క ఒకటి ఒక్క ఉదుటున వచ్చింది. బ్రేకు మీద కాలు వేశాను. అప్పటికే బంపరు ఎడమ మూలకు దెబ్బ తగిలింది. పెద్ద చప్పుడేం కాదు, నిండు గోనెసంచి కింద పడ్డట్టు.

"పోనీ అన్నా, వీధి కుక్కే" అన్నాడు ముందు సీట్లో కుర్రాడు. అద్దంలో చూశాను. బ్రేకు లైట్ల ఎరుపులో దాని మెడకు పట్టీ కనిపించింది. ఆపాను. నిజం చెప్పాలంటే, పట్టీ కనపడకపోతే ఆపేవాణ్ని కాదేమో. అంతకు రెండేళ్ల ముందు పటాన్‌చెరు దాటాక ఒకటి ఇలాగే తగిలింది. ఆపలేదు.

ఇంట్లోంచి ఒక పెద్దాయన చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చారు. పాల ప్యాకెట్లు తీసుకోవడానికి గేటు తీశారట. "ఇళ్ల మధ్య రోడ్డు ఇది, కళ్లు మూసుకుని తోలుతున్నావా?" అన్నారు. "గేటు బార్లా తీసి కుక్కను రోడ్డు మీదికి వదిలింది మీరు. నా బంపరు ఎవరు కడతారు?" అన్నాను నేను. అలా మాటకు మాట పెరిగింది. కుక్క మా ఇద్దరి మధ్యే పడి ఉంది, వెనక కాళ్లు కదలడం లేదు. కార్లోంచి దిగిన అమ్మాయి ఏసీకి కప్పుకునే శాలువా తెచ్చి దాని మీద కప్పింది. "అంకుల్, తప్పెవరిదో తర్వాత తేల్చుకోండి. ముందు దీన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పండి" అంది.

ఇప్పుడు నేను స్టీరింగు పట్టడం తక్కువ. ఒక చిన్న ట్రావెల్స్‌లో కొత్త డ్రైవర్లకు పని నేర్పుతున్నాను. మొదటి రోజు పాఠంలో ఆ అమ్మాయి మాట తప్పకుండా చెప్తాను. తప్పెవరిదన్నది ఒక లెక్క. దెబ్బ తిన్న ప్రాణాన్ని చూడడం వేరే పని. రెండూ కలిపేసుకున్నప్పుడే మనిషి బండి ఆపకుండా వెళ్లిపోతాడు. ఆపితే తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంటాడు కాబట్టి. క్యాబ్, ఆటో, డెలివరీ బండి, కంపెనీ వ్యాను, ఏది నడిపినా సరే, ఈ సంగతి ఏదో ఒక రాత్రి మీ ముందుకు వస్తుంది. ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉంటే ఆ క్షణాన భయం మీ బదులు నిర్ణయం తీసుకోదు.

ముందు వేగం సంగతి. చాలా ఏళ్లు నేను "నలభైలోనే ఉన్నాను" అని వాదించేవాణ్ని. తర్వాత ఎవరో కూర్చోబెట్టి లెక్క వేయించారు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. కంటికి కనిపించి కాలు బ్రేకు మీద పడే సరికి అలసిన డ్రైవరుకు సెకనున్నర పడుతుందనుకోండి, ఆలోపే దాదాపు 17 మీటర్లు దాటేస్తాం. బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద ఇంకో తొమ్మిది. అంటే పదిహేను మీటర్ల దూరంలో కుక్క అడ్డమొస్తే, నలభైలో ఉన్నవాడు బ్రేకు తొక్కకముందే దాన్ని గుద్దుతాడు. అదే ఇరవైలో ఉంటే పది, పదకొండు మీటర్లలో బండి పూర్తిగా ఆగుతుంది. అరవైలో 45 మీటర్లు కావాలి. కార్లు బారులు తీరి ఆపి ఉన్న కాలనీ రోడ్డులో నలభై నెమ్మది కాదు. ఆ రాత్రి గేటు తీసి ఉంచడం పెద్దాయన పొరపాటు, నిజమే. నలభైలో వెళ్లడం నాది. ఇది ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

రెండో సంగతి, స్టీరింగు తిప్పకండి. కుక్కను తప్పించబోయి డివైడర్ ఎక్కిన బండ్లు, ఎదురు లారీ కిందికి వెళ్లిన బండ్లు నేను చూశాను. తిన్నగా పట్టుకుని గట్టిగా బ్రేకు వేయడం, అంతే. వెనక ఎవరున్నారో అద్దంలో చూసే అలవాటు ముందు నుంచీ ఉంటేనే ఆ క్షణంలో పనికొస్తుంది. బైకు మీద ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. హ్యాండిల్ మెలి తిరిగితే కుక్కకన్నా ముందు మీరే పోతారు. రెండు బ్రేకులూ కలిపి వేయండి, ముందు బ్రేకు ఒక్కటే పీకకండి. ఒక కుక్క రోడ్డు దాటిందంటే వెనక రెండోది వస్తుందనే అనుకోండి. మాంసం కొట్ల దగ్గర, చెత్త కుండీల దగ్గర, రాత్రి మూసేసిన టిఫిన్ బండ్ల దగ్గర కాలు బ్రేకు మీదే ఉండాలి. చలికాలంలో, వానల్లో కుక్కలు ఆపి ఉన్న బండి కింద పడుకుంటాయి. పొద్దున బండి తీసే ముందు బోనెట్ మీద రెండుసార్లు తట్టి, కింద ఒకసారి వంగి చూడండి. పట్టుమని పది సెకన్లు పట్టని పని.

ఇక తగిలాక. హజార్డ్ లైట్లు వేసి బండిని పక్కకు తియ్యండి. మనుషులే ముందు. బండిలో ఉన్నవాళ్లు, వెనక నుంచి వచ్చి గుద్దుకున్నవాళ్లు, బైకు మీద నుంచి పడ్డవాళ్లు ఉంటే 108కి ఫోను చేశాకే మిగతాది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గానీ హైవే మీద గానీ లేన్‌లోకి నడిచి వెళ్లొద్దు. అక్కడ బండ్లు వచ్చే వేగానికి మీరు కనపడే లోపే మీద పడతాయి. అంచున ఆపి, జాతీయ రహదారి అయితే 1033కి, మిగతా చోట్ల 112కి చెప్పండి. రోడ్డు మధ్యలో పడి ఉన్న జంతువు వెనక వచ్చే బైకువాడికి ప్రాణగండం. కాబట్టి అది బతికి ఉన్నా లేకపోయినా ఆ ఫోను మీ బాధ్యతే. ఆ పటాన్‌చెరు రాత్రి నేను చెయ్యనిది సరిగ్గా ఇదే. నా వెనక ఎవరు వచ్చారో, ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నైట్ డ్యూటీలో ఉద్యోగులు బండిలో ఉంటే ఇంకో చిక్కుంది. మహిళా ఉద్యోగిని బండిలో ఒంటరిగా వదిలి మీరు కుక్క వెంట వెళ్లకూడదు, ఆమెను చివరి డ్రాప్‌గా మిగల్చకూడదు. జాలితో రూట్ మార్చినా అది తప్పే. కంట్రోల్ రూమ్‌కు ఫోను చేసి, ఎక్కడున్నారో చెప్పి, ఇంకో క్యాబ్ అడగండి. ఆలోపు కుక్కను పక్కకు చేర్చి, సహాయం పిలిచే పని మీరు చెయ్యొచ్చు. ఆ రాత్రి నేను కంట్రోల్ రూమ్‌కు చెప్పకుండా ఇరవై నిమిషాలు అక్కడే ఉండిపోయాను. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్లమ్మ ఆ ఇరవై నిమిషాలూ ఫోను చేస్తూనే ఉందట.

దెబ్బ తిన్న కుక్క దగ్గరికి ఎలా వెళ్లాలో తెలియకే చాలామంది దూరంగా నిలబడతారు. నొప్పిలో ఉన్న కుక్క ఎవరినైనా కరుస్తుంది, పెంచిన యజమానిని కూడా. ముఖం వైపు నుంచి వెళ్లొద్దు, ముఖం దగ్గర ముఖం పెట్టొద్దు. వెనక నుంచి, పక్క నుంచి నెమ్మదిగా, మాట్లాడుతూ వెళ్లండి. దుప్పటి, తువ్వాలు, పాత చొక్కా ఏదైనా మీద కప్పితే కొంత శాంతిస్తుంది. కాళ్లు పట్టి ఎత్తకండి. వెన్ను విరిగి ఉంటే ఆ ఎత్తడంతోనే పని అయిపోతుంది. కారులోని రబ్బరు మ్యాటు గానీ గట్టి అట్ట గానీ దాని పక్కన పరిచి, దుప్పటితో సహా మెల్లగా దాని మీదికి జరపండి. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి అదిమి పట్టండి. నోట్లో నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మన నొప్పి మాత్రలు అసలే వద్దు, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కకు విషమవుతాయి.

లేచి పరిగెత్తిపోయిందంటే ఏమీ కాలేదని కాదు. భయంలో విరిగిన కాలితో కూడా పరిగెత్తుతాయి. లోపల రక్తం పోతుంటే పైకి కనపడదు. చిగుళ్లు తెల్లబడటం, ఊపిరి ఎగపీల్చడం, పొట్ట ఉబ్బడం చూస్తే తెలుస్తుంది. అందుకే అది పారిపోయినా అయిదు నిమిషాలు చుట్టుపక్కల వెతకండి. దొరక్కపోతే వాచ్‌మన్‌కో, పొద్దున్నే తెరిచే టీ కొట్టు ఆయనకో చెప్పి, నంబరు ఇచ్చి వెళ్లండి. ఏ వీధి కుక్కకైనా దాని తిండి చూసే మనిషి ఒకరుంటారు. వాళ్లకు కబురు అందితే చాలు.

హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111. 1992లో అమల, నాగార్జున మొదలుపెట్టిన బ్లూ క్రాస్ జూబ్లీహిల్స్‌లో ఉంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సుకు 1962 ఉంది. అది ప్రధానంగా పల్లెల్లో పాడి పశువుల కోసం పెట్టింది, అయినా దగ్గర్లో వైద్యుడెవరో అడగడానికి పనికొస్తుంది. మీరు రోజూ తిరిగే దారిలో రాత్రి తెరిచి ఉండే పశు వైద్యుడెవరో పగలే ఒకసారి కనుక్కుని నంబరు ఫోనులో పెట్టుకోండి. అర్ధరాత్రి వెతకడం మొదలుపెడితే దొరకరు.

కరిస్తే గానీ, గోరు గీసుకుంటే గానీ, మీ చేతి పుండు మీద దాని చొంగ పడితే గానీ, వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి డోసు వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మిగతావి వేస్తారు. కండకు వేస్తే పద్నాలుగో రోజు కూడా ఉంటుంది. చర్మం తెగి రక్తం వచ్చినా, పుండు మీద చొంగ పడినా ఇమ్యునోగ్లోబులిన్ అడిగి మరీ వేయించుకోండి. డ్యూటీ ఉందని రెండో డోసు ఎగ్గొట్టినవాళ్లను చూశాను. చెయ్యకండి. ఈ జబ్బు బయటపడ్డాక మందు లేదు.

పోలీసు కేసు భయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా కుర్రాళ్లు పారిపోయేది దానికే. జంతువును చంపితే, వికలం చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షను కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ అది కావాలని, తెలిసి చేసినదానికి. 2020 ఏప్రిల్‌లో ముంబై మెరైన్ డ్రైవ్‌లో తిండి పొట్లాలు చేరవేస్తున్న ఒక విద్యార్థి బైకు కింద వీధి కుక్క పడి చనిపోయింది. ఆ అబ్బాయి కూడా పడి గాయపడ్డాడు. అతని మీదే కేసు పెట్టారు. 2022 డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చే డ్రైవింగు గురించిన సెక్షన్లు జంతువుకు వర్తించవంది. అతనికి 20,000 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించి, ఆ డబ్బును బాధ్యులైన అధికారుల నుంచి రాబట్టమంది. అదే ఏడు కర్ణాటక హైకోర్టు కూడా, బెంగళూరులో కారు తగిలి పెంపుడు కుక్క చనిపోయిన కేసులో, కావాలని చేసిన పని కాదు కాబట్టి నేరం కాదని కొట్టేసింది. మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షను, అంటే ప్రమాదం తర్వాత డ్రైవరు చెయ్యాల్సిన పనుల సెక్షను, గాయపడిన మనుషుల గురించేనని చెప్పింది.

ఈ తీర్పులు చదివి "అయితే ఆపక్కర్లేదు" అనుకోవద్దు. నేను వీటిని చెప్పేది ఆపడానికి భయపడక్కర్లేదని. కేసు పెట్టరనే హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆగి, సహాయం పిలిచి, ఫొటోలు తీసి, నిజం చెప్పినవాడికి తన మాట నిలబెట్టుకునే ఆధారాలుంటాయి. పారిపోయినవాడి తరఫున సీసీ కెమెరా మాట్లాడుతుంది, అతనికి నచ్చినట్టు మాట్లాడదు. యజమాని గొడవకు దిగితే, ఆస్తి నష్టం అంటే, ఇరవై నాలుగు గంటల్లోపు దగ్గరి స్టేషనుకు మీరే వెళ్లి జరిగింది చెప్పండి, ఇన్సూరెన్సు కంపెనీకి రాసి పంపండి.

యజమానులకూ ఒక మాట. మన కుక్క వల్ల మనిషి ప్రాణానికి, ఒంటికి ప్రమాదం రాకుండా చూసుకోకపోతే అదే న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా పడొచ్చు. గేటులోంచి దూకిన కుక్క వల్ల డెలివరీ కుర్రాడు పడి చెయ్యి విరిగితే, ఆ కుర్రాడికి రెండు నెలలు కూలి లేదు. మీ కుక్క కాలు చూసే ముందు అతని చెయ్యి చూడండి. మీ గొలుసు, గేటు గడియ, మున్సిపాలిటీ లైసెన్సు, ఇవి మీ కుక్క కోసం కూడా.

ఇద్దరూ ఎదురుపడ్డప్పుడు ఏం మాట్లాడాలి? ముందు నోరు తెరిచేవాళ్లు మీరే అవ్వండి. "అయ్యో, బాధగా ఉందండీ. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు? నేను సాయం పడతాను." ఈ మాటతో మీరు నేరం ఒప్పుకున్నట్టు కాదు. "తప్పంతా నాదే, ఎంతైనా ఇస్తాను" అనొద్దు, అది మీకు తెలియని లెక్క. "మీదే తప్పు" అనీ అనొద్దు. వాళ్లు తిడితే ఒక రెండు నిమిషాలు పడండి. తొమ్మిదేళ్లు తమ చేత్తో అన్నం పెట్టి పెంచినదాన్ని రోడ్డు మీద అలా చూసినవాళ్ల నోట మంచి మాట రాదు. గుంపు చేరి చెయ్యి చేసుకునేలా ఉంటే మాత్రం బండిలో కూర్చుని తలుపులు వేసుకుని 112కి ఫోను చెయ్యండి, దగ్గరి స్టేషనుకు వెళ్లండి. డబ్బు మాటలు అక్కడ వద్దు. నంబర్లు మార్చుకుని మర్నాడు మాట్లాడుకోండి.

బండి సంగతి త్వరగా చెప్తాను. కదిలే ముందు కింద ఏమైనా కారుతోందా చూడండి. బంపరు వెనకే రేడియేటరు ఉంటుంది, కూలెంటు కారుతుంటే టెంపరేచర్ ముల్లు ఎక్కకముందే ఆపెయ్యాలి, లేకపోతే బంపరుతో పోయే ఖర్చు ఇంజిను దాకా వెళ్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండి రిపేరుకు పైసా రాదు. ఓన్ డ్యామేజీ ఉంటే వస్తుంది, కానీ క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిముల్లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా చేరేది అదే. చిన్న సొట్టకు క్లెయిము పెట్టేముందు ఆ లెక్క చూసుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. తగిలాక డ్రైవరు చేతులు వణుకుతాయి. మగవాడివి, కుక్క కోసం ఇంతలా ఏంటి అంటారు. వణికే చేతులతో తర్వాతి ట్రిప్ తీస్తే రెండో ప్రమాదం జరిగేది అప్పుడే. దిగండి, మొహం కడుక్కోండి, ఒక టీ తాగండి, ఎవరితోనైనా జరిగింది చెప్పండి. సూపర్‌వైజర్లూ, ఓనర్లూ, ఫోను రాగానే "బండికి ఏమైంది?" అని కాదు, "నీకేం కాలేదుగా?" అని అడగండి. నన్ను అప్పట్లో ఎవరూ అడగలేదు. ఆలస్యానికి, బంపరుకు కలిపి జీతంలో కోత పెట్టారు.

మా కుక్క కథ పూర్తి చెయ్యలేదు కదా. వేరే క్యాబ్ వచ్చి ముగ్గుర్నీ తీసుకెళ్లాక, పెద్దాయనా నేనూ దాన్ని రబ్బరు మ్యాటు మీద పెట్టి ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. వెన్నుపూస విరిగిందన్నారు డాక్టరు. ఆ మధ్యాహ్నమే పోయింది. సాయంత్రం పెద్దాయన ఫోను చేసి చెప్పారు. ఏమనాలో నాకు తెలియలేదు. వారం తర్వాత ఆ వైపు డ్రాప్ పడితే ఇంటి ముందు ఆపాను. గేటుకు తనంతట తానే మూసుకునే స్ప్రింగు బిగించారు. ఆయన లోపలికి వెళ్లి రెండు వేలు తెచ్చి నా చేతిలో పెట్టారు, బంపరుకు. వద్దనాలనిపించింది. కానీ ఆ నెల నాకు ఆ డబ్బు అవసరం. తీసుకున్నాను. "నేను కొంచెం వేగంగానే వచ్చానండీ" అన్నాను. ఆయన తల ఊపి, "టీ తాగి వెళ్లు బాబూ" అన్నారు.

మా ట్రావెల్స్ డిక్కీల్లో ఇప్పుడు స్టెప్నీ పక్కన ఒక పాత దుప్పటి, రబ్బరు మ్యాటు, సబ్బు, రెండు లీటర్ల నీళ్లు ఉంటాయి. ట్రిప్ రిజిస్టరులో ఆలస్యానికి కారణం రాసే గడి ఉంది. పోయిన నెల బాచుపల్లి రూట్ కుర్రాడు అందులో రాశాడు: "కుక్క తగిలింది. పద్దెనిమిది నిమిషాలు ఆగాను. కంట్రోల్ రూమ్‌కు చెప్పాను." పక్కన నేను సంతకం పెట్టాను. ఆ పద్దెనిమిది నిమిషాలకు కోత లేదు.